శనివారం టీవీ కాలమ్ అమ్మకానికి లేదు

పోయిన శనివారం మన పట్టణంలో వచ్చే చిన్న పత్రికలన్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు ఒక సంగతి కనబడే ఉంటుంది. రెండు పత్రికల్లో శని, ఆదివారాల టీవీ కార్యక్రమాల కాలమ్ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉంది. అవే సినిమాలు, అవే ఫొటోలు, ఒక హీరోయిన్ పేరులో అదే అచ్చుతప్పు. దూరదర్శన్ ఊసే లేదు. ఒక గ్రూపు చానళ్లలో వచ్చే సినిమాలు పెద్దక్షరాల్లో, వాటి కింద కేబుల్ పంపిణీదారు సొంతంగా నడుపుకునే లోకల్ చానల్ సినిమాలు, అంతటితో కాలమ్ అయిపోయింది. పైనగానీ కిందగానీ 'ప్రకటన' అన్న మాట లేదు. సోమవారం అదే పేజీ, రేటుతో సహా, ఆ పంపిణీదారు నుంచి మా పత్రిక ఆఫీసుకూ వచ్చింది. పేజీ వాళ్లే తయారుచేసి పంపుతారట, మేం మా పాత కాలమ్ తీసేసి ఆ జాగాలో దాన్ని పెడితే చాలట, ఏడాది పాటు ప్రతి శనివారం డబ్బు ముందుగానే ముట్టజెబుతారట. 'ప్రకటన' అని మాత్రం వేయకూడదు. అదొక్కటే షరతు.

మేం వద్దన్నాం. ఇది పత్రికలో రాసుకునేంత విషయం కాదనే అనుకున్నాం కూడా. కానీ ఆ తర్వాత వచ్చిన ఫోన్లు చూస్తే రాయక తప్పడం లేదు. సినిమా టైమింగులే కదా, దానికింత పట్టుదల దేనికి అని అడిగినవాళ్లలో పాఠకులకన్నా తోటి పత్రికలవాళ్లే ఎక్కువ మంది ఉన్నారు.

వాళ్లు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు: ఫోన్లో అన్నీ దొరుకుతున్నాయి, సెట్ టాప్ బాక్సులోనే గైడ్ ఉంది, న్యూస్‌ప్రింట్ ధర, ప్రెస్సు ఖర్చు, జీతాలు చూసుకుంటే చిన్న పత్రికకు నెల గడవడమే గగనంగా ఉంది, వచ్చే డబ్బును కాలదన్నుకోవడం తెలివితక్కువతనం. సరే. మరి ఎవరూ చూడని కాలమ్‌కి ఏడాది డబ్బు ముందే కట్టడానికి వాళ్లెందుకు సిద్ధపడ్డారు? 'ప్రకటన' అన్న ఒక్క మాట పడితే బేరం ఎందుకు చెడుతుంది? వాళ్లు కొంటున్నది జాగా కాదు. జాగా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, మా ప్రకటనల రేటు కార్డు అందరికీ ఒకటే. పాఠకుడు దాన్ని పత్రికవాళ్ల మాట అనుకుని నమ్ముతాడే, ఆ నమ్మకం కావాలి వాళ్లకి.

మాకు భయం వేస్తున్నది ఇక్కడే. ఇవాళ సినిమా టైము. రేపు ఏది?

మన పత్రికల్లో లోపలి పేజీలో చిన్నక్షరాల్లో ఏముంటాయో ఒకసారి చూడండి. ఏ ఫీడర్ పరిధిలో ఎప్పటినుంచి ఎప్పటిదాకా కరెంటు ఉండదు, ఏ వార్డుకు నీళ్లు ఏ రోజు వదులుతారు, రైలు వేళలు, బంగారం ధర, మార్కెట్ యార్డు ధరలు. వీటిని ఎవరూ మెచ్చుకోరు, వీటికి బైలైను, అంటే రాసినవాళ్ల పేరు, ఉండదు, అవార్డులు రావు. కానీ పేపర్ తీసుకునేవాళ్లలో చాలామంది ముందు తిప్పేది ఆ పేజీనే. గుంటూరులో మిర్చి, మదనపల్లెలో టమాటా, నిజామాబాద్‌లో పసుపు ఏ రేటు పలికిందో చూసుకుని సరుకు ఇవాళ తోలాలా, నాలుగు రోజులు ఆగాలా అని తేల్చుకునే రైతు ఆ అంకెను ఎవరో డబ్బిచ్చి వేయించారేమోనని అనుమానపడడు. టీవీ కాలమ్‌ను ఒక పంపిణీదారుకు అప్పగించిన పత్రిక, రేపు ఒక కమీషన్ వ్యాపారి వచ్చి ధరల కాలమ్ కూడా మేమే తయారుచేసి ఇస్తాం, డబ్బు కూడా ఇస్తాం, మీకు శ్రమ ఉండదు అంటే ఏ మొహంతో కాదంటుంది? ఇది సినిమా, అది మిర్చి అని చెబుతుందా? రెండూ అదే పేజీ, అదే సైజు అక్షరాలు, కింద అదే పత్రిక పేరు.

మరీ పెద్దది చేస్తున్నామని అంటారని తెలుసు. అందుకే 2009 గుర్తుచేస్తున్నాం. ఆ ఏడాది ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర 'ప్యాకేజీలు' మాట్లాడుకుని, వాళ్లు రాసిచ్చిన పొగడ్తలను వార్తల్లాగా వేసిన సంగతి ఈ వృత్తిలో ఉన్నవాళ్లు ఎవరూ మర్చిపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో మన వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే నమూనా సర్వే చేసి ఆ బాగోతం బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది, వాళ్లలో కె. శ్రీనివాసరెడ్డి మన తెలుగు పాత్రికేయుడే, మరొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. 2010లో వాళ్లిచ్చిన నివేదికలో పత్రికల పేర్లతో సహా ఉంటే, కౌన్సిల్ దాన్ని కుదించి చిన్న నివేదిక విడుదల చేసింది. పూర్తి పాఠం 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే బయటికొచ్చింది. ఆ జబ్బు ముఖ్యమంత్రి సభ వార్తతో మొదలైందనుకుంటున్నారా? షాపు ప్రారంభోత్సవం ఫొటోకి ఇంత, సన్మానం వార్తకి ఇంత, పెళ్లి రిసెప్షన్‌కి ఇంత, ఇలా చిన్నచిన్న వాటితో అలవాటైంది. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నారు అప్పుడు కూడా. ఇప్పుడు టీవీ కాలమ్ దగ్గర మళ్లీ అదే మాట వింటున్నాం, అవే గొంతులతో.

ఈ కాలమ్ ఎలా తయారవుతుందో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త చెప్పాలి. చానళ్లు తమ వారం జాబితాలను మెయిల్లో పంపుతాయి. అన్నీ పంపవు. పంపినవి కూడా నమ్మడానికి లేదు, ఎందుకంటే గురువారం రేటింగులు వచ్చాక పక్క చానల్ ఆదివారం సాయంత్రం ఏం వేస్తోందో చూసుకుని శుక్రవారం సినిమా మార్చేస్తారు, 'వరల్డ్ టెలివిజన్ ప్రీమియర్' అని వారం రోజులుగా ఊదరగొట్టినదాన్ని కూడా పక్క వారానికి నెట్టేస్తారు. పేజీ ప్రెస్సుకు పోయే ముందు డెస్కులో ఒకరు కూర్చుని ఫోన్లు చేసి, చానళ్లలో వస్తున్న ప్రోమోలు చూసి, సరిచూసుకోవాలి. అయినా ఆదివారం పొద్దున ఏదో ఒకటి మారుతుంది, పాఠకుడు మాకు ఫోన్ చేసి తిడతాడు. ఆ తిట్టు కూడా మాదే. డబ్బు తీసుకుని వేసిన పేజీలో సినిమా మారితే ఆ తిట్టు ఎవరు తింటారు? పంపిణీదారు ఫోన్ నంబర్ ఆ పేజీ మీద లేదు.

ఎవరు చూస్తారండీ అంటున్నారు కదా. ఆ గైడ్ బాక్సులో ఇంగ్లీషులో ఉంటుంది, సినిమా పేరు సగానికి తెగిపోయి ఉంటుంది, రిమోట్‌లో ఏ బటన్ నొక్కాలో మనవడు ఇంట్లో ఉంటే తప్ప తెలియదు. దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ పెట్టుకున్న ఇళ్లు మన చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. నెల నెలా డబ్బు కట్టలేకనో, కట్టడం ఇష్టంలేకనో పెట్టుకున్నారు, వాళ్లకి దూరదర్శన్ తెలుగు చానళ్లయిన సప్తగిరిలో ఏం వస్తుందో, యాదగిరిలో ఏం వస్తుందో కావాలి. ఆ ఇళ్ల నుంచి పంపిణీదారుకు రూపాయి రాదు. కాబట్టి ఆయన జాబితాలో ఆ ఇళ్లు లేవు. మన చిన్న పత్రికల్లో టీవీ కార్యక్రమాలు వేయడం మొదలైందే దూరదర్శన్‌తో. 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చి, ఆ తర్వాత ఎనభైల్లో రిలే ట్రాన్స్‌మిటర్లతో బొమ్మ చిన్న పట్టణాలకు చేరాక, శనివారం రాత్రి ఏ తెలుగు సినిమా, 1987 నుంచి ఆదివారం పొద్దున రామాయణం ఎన్నింటికి, ఇవన్నీ పేపర్ చూసే తెలుసుకునేవారు. ఇప్పుడు అదే కాలమ్ నుంచి దూరదర్శన్‌ను గెంటేశారు, ఆ సంగతి ఒక్కరికైనా చెప్పారా?

ఇంకోటి కూడా చూడాలి. మేం తయారుచేసిన కాలమ్‌లో చానల్‌కు ఇష్టంలేని మాట రాయొచ్చు. కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు, అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలు, 2 నిమిషాలు చానల్ సొంత డప్పు. 2013లో ప్రసార రంగం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని గట్టిగా అమలు చేయబోతే చానళ్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. లెక్క వేసి చూడండి, రెండున్నర గంటల సినిమా సాయంత్రం ఆరింటికి మొదలైతే ఆ నిబంధన ప్రకారం తొమ్మిదీ పదికల్లా అయిపోవాలి. పదిన్నర దాకా సాగితే, సోమవారం పొద్దున బడికి పోవాల్సిన పిల్లలున్న ఇంటికి ఆ సంగతి ముందే తెలియడం అవసరం. సినిమా సర్టిఫికెట్ కూడా అంతే. 'ఎ' సినిమాను టీవీలో ఉన్నదున్నట్టు వేయడానికి లేదు, కోతలు పెట్టి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2023లో చట్టం మార్చి పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే యు/ఎ ని 7, 13, 16 ఏళ్లుగా విడగొట్టారు కూడా. ఇవన్నీ కాలమ్‌లో రెండు అక్షరాల పని. వాళ్లు పంపిన రెడీమేడ్ పేజీలో ముగింపు టైము లేదు, సర్టిఫికెట్ లేదు, 'బ్లాక్‌బస్టర్' మాత్రం ప్రతి సినిమా ముందూ ఉంది. ఆడకుండా పోయిన సినిమాకి కూడా.

ఆ లోకల్ చానల్ జాబితా సంగతి ఇంకా విచిత్రం. థియేటర్లలోంచి ఇంకా పూర్తిగా దిగని సినిమా కూడా అందులో ఉంది. టీవీ హక్కులు కొన్న పెద్ద చానలే ఇంకా వేయని సినిమాను మన కేబుల్‌లో ఏ హక్కుతో వేస్తున్నారు? హక్కులుంటే కాగితం చూపించమనండి, సంతోషిస్తాం. లేకపోతే అది కాపీరైట్ చట్టం ప్రకారం నేరం, దానికి టైము వేసి, బొమ్మ వేసి ఊరందరికీ చెప్పిన పత్రికలు కూడా ఆ పాపంలో వాటా తీసుకున్నట్టే. ఇదే పత్రికలు పోయిన ఏడాది పైరసీ మీద ఎంత ఆవేశంగా రాశాయో మా దగ్గర కటింగులున్నాయి.

టీవీ కార్యక్రమాల జాబితా ఎవరిది అన్న గొడవ కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో 1991 దాకా వారం మొత్తం జాబితా వేసుకునే హక్కు ప్రసార సంస్థల సొంత పత్రికలకే ఉండేది. బయటి దినపత్రికలు ఏరోజుకారోజు, వారాంతమైతే రెండు రోజులవి మాత్రమే వేసుకోవాలి. ఐర్లండ్‌లో మాగిల్ అనే పత్రిక అన్ని చానళ్ల వారం కార్యక్రమాలూ ఒకేచోట వేస్తే కోర్టుకెక్కి ఆపించారు, ఆ గొడవ యూరోపియన్ కోర్టు దాకా వెళ్లి 1995లో ప్రసార సంస్థలదే తప్పని తేలింది. అక్కడ జాబితా ఇవ్వకుండా తొక్కిపెట్టాలని చూశారు. ఇక్కడ డబ్బిచ్చి, తమది ఉంచి పక్కవాళ్లది తీయించాలని చూస్తున్నారు. అక్కడ పోరాటం ఏళ్ల తరబడి సాగింది, ఇక్కడి పత్రికలు వారం కూడా ఆగకుండా సంతకం పెట్టేశాయి.

ప్రకటనను వార్తలా కనిపించనివ్వకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళి ఎప్పుడో చెప్పింది. దానికి జరిమానా లేదు, జైలు లేదు, అందుకే ఎవరికీ భయం లేదు. చట్టం అడ్డు రాదు కాబట్టి చేస్తామంటే, రేపు యార్డు ధర దగ్గర కూడా చట్టం అడ్డు రాదు. కరెంటు కోత దగ్గరా రాదు. ఎన్నికలొస్తే ఇక చెప్పనే అక్కర్లేదు, ఏడాది పాటు ప్రతి శనివారం చేయి అలవాటు పడి ఉంటుంది.

మా నిర్ణయం ఇది. వచ్చే శనివారం కూడా మా కాలమ్ మేమే వేస్తాం. దూరదర్శన్ పైన ఉంటుంది, మిగతావి దాని కింద, దొరికినంతవరకు ముగింపు టైము, సర్టిఫికెట్‌తో సహా. పంపిణీదారు తన సినిమాలకు ప్రచారం కావాలనుకుంటే రేటు కార్డు పంపిస్తాం, పెట్టెలో వేస్తాం, పైన 'ప్రకటన' అని లావు అక్షరాల్లో ఉంటుంది. లోకల్ చానల్ సినిమాలు మాత్రం హక్కుల కాగితం చూపించేదాకా ప్రకటనగా కూడా తీసుకోం.

ఇక ఆ రెండు పత్రికల సంపాదకులు. మీరు ప్రతి ప్రెస్ డేకి వేదిక ఎక్కి విలువల గురించి మాట్లాడతారు, మున్సిపల్ కమిషనర్ టెండర్ల లెక్కలు దాస్తున్నాడని మొదటి పేజీలో రాస్తారు. ఆ కాలమ్‌కి ఎంత తీసుకున్నారో మీ పాఠకులకు చెప్పండి. దూరదర్శన్‌ను తీసేయమన్నది ఎవరో చెప్పండి. చెప్పలేకపోతే వచ్చే వారం నుంచి కమిషనర్‌ను లెక్కలు అడగడం మానుకోండి.