సైకిల్ నెత్తికి చలానా లేదు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చదివితే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. మోటారు సైకిల్ మీద కూర్చున్నవాడికి తల ఉంది. వెనక కూర్చున్నవాడికీ ఉంది. మామూలు సైకిల్ తొక్కేవాడికి తల ఉన్నట్టు మాత్రం ఆ సెక్షన్‌లో ఎక్కడా ఆధారం దొరకదు. చట్టమే గుర్తించని ఈ అవయవాన్ని కొందరు పెద్దమనుషులు సొంత ఖర్చుతో కాపాడుకోవాలని చూస్తున్నారు. అందుకోసం రెండు మూడు వేలు పోసి మరీ హెల్మెట్లు కొంటున్నారు. మన ఓరుగల్లులో ఈ మధ్య ఈ ధోరణి ఎక్కువైంది కాబట్టి, బాధ్యత గల పౌరుడిగా దీన్ని ఖండించక తప్పడం లేదు.

హెల్మెట్ దేనికి? చలానాకు. ఇందులో ఎవరికీ రెండో అభిప్రాయం ఉండాల్సిన పని లేదు. హన్మకొండ చౌరస్తాలోనో అదాలత్ దగ్గరో పది నిమిషాలు నిలబడి చూడండి. అప్పటిదాకా మోచేతికి వేలాడిన హెల్మెట్ కెమెరా కనబడగానే నెత్తిమీదికి వస్తుంది. గుళ్లో పూజారి శఠగోపం పెట్టినట్టు అలా తాకి, సిగ్నల్ దాటగానే మళ్లీ మోచేతికి దిగిపోతుంది. పట్టీ పెట్టుకునే ఆచారం లేదు. శఠగోపానికి పట్టీ ఎందుకు? ఇంత పద్ధతిగా నడుస్తున్న వ్యవస్థలో, ఏ కెమెరా పట్టించుకోని సైకిల్ మీద హెల్మెట్ పెట్టుకుని, పైగా గదవ కింద పట్టీ బిగించుకుని తిరిగేవాణ్ని చూస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఏదో కేసులో ఇరుక్కున్నాడనుకుంటారు.

సరే, కొనేవాళ్లు ఎలాగూ కొంటారు. వాళ్లకు ఎంచుకోవడం తెలియదని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. మనవాళ్ల పరీక్ష చాలా కఠినం. హెల్మెట్ చేతిలోకి రాగానే ముందు వేలు మడిచి టక్‌టక్‌మని కొడతారు. తరువాత బొటనవేలితో నొక్కుతారు. ఆ పైన కౌంటర్ అద్దం మీద ఒకసారి మోదుతారు. "గట్టిగుంటదా అన్నా?" అని అడిగితే, షాపాయన చూపు తన అద్దం మీది నుంచి తిప్పకుండానే, "రాయి సార్, రాయి!" అంటాడు. బేరం సగం తెగినట్టే.

తయారుచేసేవాళ్ల లెక్క మాత్రం పూర్తిగా తలకిందులు. సైకిల్ హెల్మెట్ పైన కనబడేది పలచటి ప్లాస్టిక్ తొడుగే. అసలు సరుకు లోపలి నురుగు. దాన్ని ఈపీఎస్ అంటారు, మన టీవీ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్‌కు దగ్గరి చుట్టం. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోవాలి. నలిగే ఆ కాస్త వ్యవధిలోనే దెబ్బ తీవ్రత తగ్గి తలకు చేరుతుంది. రాయిలా ఉంటే దెబ్బంతా నేరుగా లోపలికే పోతుంది. యూరప్ వాళ్ల ఈఎన్ 1078 ప్రమాణం ప్రకారం, లోపల ఒక నకిలీ తల పెట్టి, దాదాపు మీటరున్నర ఎత్తు నుంచి చదునైన ఉక్కు దిమ్మె మీద పడేస్తారు. ఆ తలకు తగిలే కుదుపు 250 జీ, అంటే భూమ్యాకర్షణకు 250 రెట్లు, దాటకూడదు. అమెరికా వాళ్ల సీపీఎస్సీ ప్రమాణంలో ఎత్తు రెండు మీటర్లు, హద్దు 300 జీ. ఇదేం పరీక్షండీ! డబ్బు పెట్టి కొన్న హెల్మెట్ ఏమైందని అడగరట, ఫుకట్‌గా వచ్చిన తల ఏమైందని అడుగుతారట.

ఆ రెండు పేర్లలో ఏదో ఒకటి హెల్మెట్ లోపలి లేబుల్ మీద ఉంటే చూసుకోమని తెలిసినవాళ్లు చెబుతారు. మా కాలనీలో ఒక పెద్దాయన ఈ విదేశీ పెత్తనాన్ని ఒప్పుకోలేదు. "ఐఎస్ఐ లేనిది నేను ముట్టను" అని భీష్మించుకుని, బైకుల కోసం చేసిన పెద్ద హెల్మెట్ కొన్నాడు. దాని మీది ఐఎస్ 4151 ముద్ర అసలైనదే, ఆ హెల్మెట్ మంచిదే. కాకపోతే అది ఇంజన్ బండి వేగాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. కిలో పైన బరువు. గాలి ఆడేది అంతంతమాత్రం. మే నెలలో, ఎండ 43 దగ్గర ఉన్నప్పుడు, కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా ఆయన అది పెట్టుకుని తొక్కాడు. దిగి హెల్మెట్ తీసినప్పుడు లోపలి నుంచి ఆవిరి వచ్చిందని చూసినవాళ్లు చెప్పారు. నేనైతే నమ్ముతాను. ప్రమాదం సంగతి ఎలా ఉన్నా, వడదెబ్బకు మాత్రం అంతకంటే పక్కా ఏర్పాటు లేదు. సైకిల్ హెల్మెట్ పావు కిలో, మహా అయితే మరో వంద గ్రాములు. ఆ తేడా తెలిసేది మెడకే. మన చర్చల్లో మెడను ఎవరూ పిలవరు.

ఇక సైజు. ఈ విషయంలో మన తండ్రులకు ఎదురు నిలిచే శాస్త్రం ఇంకా పుట్టలేదు.

"పెద్దదియ్యి అన్నా, ఎదిగే పిల్లగాడు. ఇప్పుడు కొంటే టెన్త్ దాకా రావాలె."

"గది వదులైతది సార్, కండ్ల మీదికి దిగుతున్నది."

"లోపల దస్తీ కుక్కుతం తియ్."

పిల్లవాడు ఏమీ మాట్లాడడు. మాట్లాడినా కనబడడు. యూనిఫాం విషయంలో ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసిందని ఒప్పుకోవాలి, మనమంతా మడతపెట్టి కుట్టిన ప్యాంట్లలోనే పదో తరగతికి చేరాం. చిక్కేమిటంటే, పదేళ్ల పిల్లవాడికి పెరగాల్సినవి కాళ్లు. తల చుట్టుకొలత అప్పటికే పెద్దవాళ్ల దానికి దగ్గరపడి ఉంటుంది. టెన్త్ వచ్చేసరికి ప్యాంటు సరిపోతుందేమో గాని హెల్మెట్ సరిపోదు. అదే తండ్రి అదే సాయంత్రం పక్క షాపులో తన ఫోన్‌కు టెంపర్డ్ గ్లాస్ వేయించాడు. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే ఒప్పుకోలేదు, మూడుసార్లు తీయించి మళ్లీ అతికించుకున్నాడు.

నిజానికి కొలత తీసుకోవడం దర్జీకి నిమిషం పని. టేపును కనుబొమలకు రెండు వేళ్ల పైన పెట్టి, చెవుల మీదుగా వెనక ఉబ్బుగా ఉండే చోటు దాకా చుట్టాలి. అంగుళాల వైపు వదిలేసి సెంటీమీటర్ల వైపు చూడాలి, ఎందుకంటే హెల్మెట్ మీద 54–58 అనో 58–62 అనో రాసి ఉంటుంది. నెంబరు కలిసినంత మాత్రాన అయిపోదు. కొన్ని తలలు గుండ్రం, కొన్ని కోల. షాపులోనే పది నిమిషాలు పెట్టుకుని కూర్చుంటే కణతల దగ్గర నొక్కేది, నుదుటి మీద ఎర్రటి గీత వేసేది తెలిసిపోతుంది. ఆ పది నిమిషాలు షాపాయన మిమ్మల్ని చూసే చూపును తట్టుకోవడమే అసలు కష్టం. పెట్టుకున్నాక ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన నిలవాలి. నుదురంతా బయటపెట్టి వెనక్కి వాల్చడం పెళ్లి ఫొటోలో తలపాగాకు బాగుంటుంది గాని, ముందుకు పడితే మొదట నేలను పలకరించేది ఆ నుదురే. వెనక చక్రం తిప్పి బిగించాక, పట్టీ పెట్టుకోకుండానే కిందికి వంగి తల ఊపితే హెల్మెట్ ఊడిరాకూడదు. పట్టీలు రెండూ చెవి తమ్మె కింద కలవాలి. గదవ కింద వేలు పట్టేంత సందు చాలు. ఆవులించినప్పుడు హెల్మెట్ నెత్తిని కొంచెం కిందికి లాగినట్టు అనిపిస్తే బిగింపు కుదిరినట్టు. మన మీటింగుల్లో కూర్చునేవాళ్లకు ఈ చివరి పరీక్షకు విడిగా టైం కేటాయించనక్కర్లేదు.

జడ ఉన్నవాళ్ల సంగతి ఈ తయారీదార్లలో చాలామందికి తట్టినట్టు లేదు. వెనక బిగించే చట్రం కింద జడ పోయేంత సందు ఉన్నవీ దొరుకుతాయి. అడిగితే షాపులో "లేడీస్‌కు పింక్ ఉన్నది మేడం" అంటారు.

ఖరీదైన వాటిలో కొన్నింటికి లోపల పసుపు రంగు పలచటి పొర ఒకటి విడిగా కదులుతూ ఉంటుంది. స్వీడన్ వాళ్ల ఆలోచన, మిప్స్ అంటారు. సైకిల్ మీద నుంచి పడితే తల సాధారణంగా ఏటవాలుగా తగులుతుంది. అప్పుడు ఆ పొర సెంటీమీటరు, సెంటీమీటరున్నర జారి, మెదడు మెలితిరిగే కుదుపును కొంత తగ్గిస్తుందని దాని ఉద్దేశం. ఒక షాపులో దీన్ని కదిలించి చూపిస్తే అక్కడి కుర్రాడు చాలా నొచ్చుకున్నాడు. "పీస్ లూజున్నది సార్, ఒక్క నిమిషం, ఫెవిక్విక్ పెట్టిస్తా" అన్నాడు.

గాలి విషయానికి వస్తే, షాపాయన హెల్మెట్ తిప్పుతూ రంధ్రాలు లెక్కపెట్టి చూపిస్తాడు. దానికి పద్దెనిమిది, దీనికి ఇరవై రెండు, నాలుగు ఎక్కువ కాబట్టి నాలుగు వందలు ఎక్కువ. జల్లెడ కొనేటప్పుడు నేనూ ఇదే లెక్క చూస్తాను. హెల్మెట్‌లో ముందు కన్నాల్లోంచి దూరిన గాలికి, లోపల నురుగులో కోసిన కాలువల వెంట నెత్తి మీదుగా పారి వెనక నుంచి బయటికి పోయే దారి ఉండాలి. లోపల చెయ్యి పెట్టి చూస్తే ఆ కాలువలు వేలికి తగులుతాయి. లోతుగా ఉండి, మెత్తలు వాటికి అడ్డం పడకుండా ఉంటే మంచిది. కాలువలు లేని చోట ఎన్ని కన్నాలున్నా అవి బయటి అలంకారమే. ఇంకో నిజం కూడా చెప్పాలి. పోచమ్మ మైదాన్ నుంచి ఎంజీఎం వైపు ట్రాఫిక్‌లో పన్నెండు, పదిహేను కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి ఏ కాలువ అయినా పెద్దగా ఒరగబెట్టేది లేదు. తగిలే గాలంతా ముందు బస్సు పొగగొట్టం సౌజన్యమే. అలాంటివాళ్లు నుదుటి మెత్త ఊడదీసి ఉతుక్కునేలా ఉందా లేదా చూసుకోవడం మేలు, లేకపోతే రెండో వారానికి ఆ వాసనకు హెల్మెట్‌ను కుక్క కూడా ఎత్తుకుపోదు. బట్టతల వారికి ఒక ప్రత్యేక హెచ్చరిక: వేసవిలో ఈ కన్నాల అచ్చు నెత్తిమీద గళ్లు గళ్లుగా పడుతుంది. పలచటి టోపీ ఒకటి లోపల వేసుకోవచ్చు, మందంగా దస్తీ చుడితే మాత్రం పైన చెప్పిన కొలతలన్నీ దండగ.

ఆదివారం వచ్చిందంటే కొందరు రామప్ప దాకా తొక్కుకుంటూ పోతారు, పోవడానికే దాదాపు డెబ్బై కిలోమీటర్లు. అక్కడ రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ముందు నిలబడి, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని, పునాదిలో ఇసుక నింపారని గైడ్ చెబుతుంటే తలలూపుతారు. "చూసిండ్రా, మనోళ్ల టెక్నాలజీ!" అని పొంగిపోతారు. 2021లో యునెస్కో గుర్తించడం ఆలస్యమైందని బాధపడతారు. నెత్తిమీద తేలికది, లోపల గుల్లది పెట్టిన ఆ కాకతీయుల తెలివికి జేజేలు కొట్టి, హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించి ఫొటో దిగి, అలాగే తిరుగు ప్రయాణం కడతారు. ఉక్కపోత అట.

వాళ్లను ఒక్కరినే అనడం న్యాయం కాదు. 1991లో ఫ్రాన్స్‌లోని ప్యారిస్–నీస్ సైకిల్ రేసులో హెల్మెట్ తప్పనిసరి అన్నందుకు ప్రపంచంలోని పెద్దపెద్ద రైడర్లు సమ్మె కట్టారు. వేడి అన్నారు, బరువు అన్నారు. నిబంధన వెనక్కి పోయింది. 2003లో అదే రేసులో కజకిస్తాన్ రైడర్ ఆండ్రీ కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి, తలకు దెబ్బ తగిలి మర్నాడే చనిపోయాడు. ఆ ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. అయినా మొదట్లో, రేసు చివర కనీసం ఐదు కిలోమీటర్ల పొడవున్న ఎక్కుడు దారిలో తీసేయవచ్చని ఒక సడలింపు ఇచ్చింది. బేరం మన బజారు సొత్తే అనుకునేవాణ్ని.

ఆఖరుగా, ఒకసారి పడ్డ హెల్మెట్ సంగతి. నురుగు ఒకసారి నలిగాక మళ్లీ లేవదు. పైకి చిన్న గీతే కనబడినా లోపల పని అయిపోయి ఉంటుంది, కాబట్టి మార్చేయమంటారు. మన ఇళ్లలో ఈ మాట నడవదు. "పడ్డా ఏం కాలే, ఎంత గట్టిదో సూడు" అని అన్న హెల్మెట్ తమ్ముడికి, తమ్ముడిది మేనమామ కొడుక్కు అందుతుంది. మా పక్కింటి పిల్లగాడు ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద మిర్చి బస్తాల ఆటోను తప్పించబోయి పడ్డాడు. పిల్లగాడికి మోచెయ్యి గీరుకుపోయింది, హెల్మెట్ ఒక పక్క చీలింది. తమ్ముడి చేతికి అది పోయేలోపే వాళ్ల నాయనమ్మ దాన్ని డాబా మీదికి పట్టుకుపోయి, బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి, మట్టి నింపి కొత్తిమీర చల్లింది. మా ఊళ్లో సైకిల్ హెల్మెట్‌కు పూర్తిగా శాస్త్రసమ్మతమైన వాడకం నాకు కనబడింది అదొక్కటే. వెంటిలేషన్ గురించి అడిగితే, "మంచిగున్నది బిడ్డా, ఎంత పోసినా నీళ్లు నిలుస్తలేవు" అంది.