హ్యామర్ క్యాండిల్ గారికి మిర్యాలగూడ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ హ్యామర్ క్యాండిల్ గారి సముఖానికి,

షేర్ ధరల చార్టులో సుత్తి ఆకారపు కొవ్వొత్తిలా కనిపించే గుర్తైన తమకు, తమ పాత భక్తుడు వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, ఈ వ్యవహారంలో కుశలంగా ఉన్నది తమరొక్కరే కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

తమరిదీ నాదీ ఒకే గింజ. 1730లో జపాన్ ప్రభుత్వ అనుమతి పొందిన ఒసాకాలోని దోజిమా బియ్యం మార్కెట్ కాలం నాటిది తమ వంశమని, సకాటా ఊరి బియ్యం వర్తకుడు హొమ్మా మునేహిసా తమకు మూలపురుషుడని చెబుతారు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లను, రైస్ మిల్లుల ఊక పొగను చూస్తూ పెరిగిన నాకు, షేర్ మార్కెట్‌లో ఇంత దగ్గరి చుట్టం ఉన్నాడని తెలిశాక యాసంగి వడ్ల పైసలు బ్యాంకులో ఉంచబుద్ధి కాలేదు.

తమ రూపలక్షణాలు నాకు కంఠస్థం. ఒళ్లు, అంటే మొదలైన ధరకూ ముగిసిన ధరకూ మధ్య దూరం, చిన్నది; తోక, అంటే అక్కడి నుంచి అన్నిటికన్నా కిందికి పడిన ధర దాకా, ఒంటికి కనీసం రెండింతలు; తల మీద వెంట్రుక ఉండీ లేనట్టు. ధర పడుతూ వచ్చిన చోట తమరు కనిపిస్తే, అమ్మేవాళ్లు ఎంత కిందికి తొక్కినా కొనేవాళ్లు ముగింపుకల్లా పైకి లాగారని, ఇక ధర మళ్లుతుందని శాస్త్రం. ఇదే ఒళ్లు, ఇదే తోకతో ధర పెరుగుతూ వచ్చిన చోట కనిపిస్తే మాత్రం తమ పేరు హ్యాంగింగ్ మ్యాన్, అంటే ఉరికి వేలాడే మనిషి. పెళ్లికీ చావుకీ ఒకే చొక్కా తొడుక్కొచ్చే పెద్దమనిషిని మా ఊళ్లో ఏమంటారో మర్యాద కొద్దీ వ్రాయడం లేదు. పైగా ఐదు నిమిషాల చార్టులో పడుతున్న ధరే రోజు చార్టులో పెరుగుతూ ఉండొచ్చు కాబట్టి, వచ్చింది పెళ్లికో చావుకో చూసేవాడే తేల్చుకోవాలి.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు రోజుకొక క్యాండిల్ పడే చార్టులో తమ దివ్యరూపం సాక్షాత్కరించగానే కొనేశాను. మూడున్నరకు మార్కెట్ మూసేసరికి ఆ తోకంతా ఒళ్లయిపోయి, తమరి స్థానంలో ధర పడిందని చెప్పే ఎర్రటి దుంగ నిలబడింది. కొనుగోలు కేంద్రం వారు తేమ 17 శాతానికి దిగాలన్నారని వడ్లు రోడ్డు మీద ఆరబోసి వారం రోజులు కావలి కాసినవాడిని, తమరి దగ్గర ఒక్క గంట ఓపిక పట్టలేకపోయాను. ఆ తర్వాత ఓపికా నేర్చుకున్నాను. మరునాటి క్యాండిల్ నిర్ధారించాక కొనమని గురువులు చెప్పారు. నిర్ధారణ అయ్యేసరికి ధర ఎంతో పైకి పోయి ఉండేది, తోక అడుగున పెట్టుకున్న స్టాప్‌లాస్, అంటే ఇక్కడికి పడితే నష్టానికైనా అమ్మేయమని చెప్పుకున్న ధర, అంత దూరాన ఉండేది, ధర మాత్రం వెనక్కి దిగి ఆ స్టాప్‌లాస్‌నే వెతుక్కుంటూ వచ్చేది.

2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, అంటే ముందు ముందు ధర ఎటు పోతుందన్న దాని మీద చేసుకునే ఒప్పందాల్లో, దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ తేల్చింది. వాళ్లంతా తమరినే నమ్ముకున్నారని నేననను. ఆ గుంపులో నేనున్నానని, నా ఫోన్ వాల్‌పేపర్ మీద తమరున్నారని మాత్రం మనవి చేస్తున్నాను.

పైసలు వాపసు అడగను. పాత చార్టుల్లో తమరు ఫలించిన చోట్లకే సున్నాలు చుట్టి చూపించే గురువుగారిని, ఫలించని చోట్లకూ ఒకసారి చుట్టమనండి, చాలు. ఇంకొక ఇబ్బంది ఉంది. యాసంగి పైసలు ఏమయ్యాయని మా ఆవిడ రోజూ అడుగుతోంది. కొవ్వొత్తులు కొన్నానని చెబితే నమ్ముతుందంటారా?

ఇట్లు,
తమ విధేయుడు