ఓసీఐ గారి మాగాణి

ద్వంద్వ పౌరసత్వం ఇవ్వడం లేదని మన ప్రభుత్వాన్ని ఆడిపోసుకునే ప్రవాసులను చూస్తే జాలేస్తుంది. పరాయి దేశ పౌరసత్వం కోరి పుచ్చుకున్నవాడు మన పౌరుడు కాడని 1955 నాటి చట్టం తొమ్మిదో సెక్షన్‌లోనే చెప్పేసింది. అయినా మనసొప్పక 2005లో చట్టం సవరించి, మరుసటి జనవరిలో మన హైదరాబాదులోనే సభ పెట్టి మరీ, విదేశీ పౌరసత్వం పుచ్చుకున్న మనవాళ్లకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డులు పంచడం మొదలుపెట్టారు. అచ్చం పాస్‌పోర్టులాంటి పుస్తకం, అట్ట మీద సింహాలు, ఎన్నిసార్లైనా వచ్చిపోవడానికి జీవితకాల వీసా. ఓటు మాత్రం లేదు. అది పెద్ద లోటేమీ కాదు. ఊళ్లో ఎవరు ఎవరికి వేయాలో డాలస్ నుంచి ఫోన్లో చెప్పడాన్ని ఏ సెక్షనూ ఆపలేదు.

అసలు పేచీ మాగాణి దగ్గర. ఏ పరాయి రాజుకూ, ప్రభువుకూ, దేశానికీ ఇక విధేయుణ్ణి కానని అమెరికాలో చెయ్యెత్తి ప్రమాణం చేసిన పెద్దమనిషి, ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి కాలవ కింద ఎకరం ఎంత పలుకుతోందని అడుగుతాడు. మాతృదేశం మీద మమకారం అలాంటిది! కోకాపేటలో ఎన్ని ఫ్లాట్లైనా కొనుక్కోమంటుంది ప్రభుత్వం. పొలం, తోట, ఫామ్‌హౌస్ మాత్రం వద్దంటుంది. తండ్రి బతికుండి ప్రేమగా పొలం దానపట్టా రాసిచ్చినా చెల్లదు. ఆయన పోయాక వారసత్వంగా వస్తే చెల్లుతుంది. కొడుకును అంత్యక్రియలకైనా రప్పించడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఏ కుటుంబ పెద్దకైనా తట్టిందా? (భారత పాస్‌పోర్టు పదిలంగా దాచుకున్న ఎన్నారైకీ ఇదే నిబంధన. దేశభక్తికి ఇక్కడ రాయితీ లేదు.)

ఓసీఐకి ఎమ్మెల్యేగా నిలబడే హక్కూ లేదని మరో గోల. ఇది బొత్తిగా ఓపిక లేనివాళ్ల మాట. వేములవాడ నుంచి చెన్నమనేని రమేష్ 2009 మొదలు నాలుగుసార్లు గెలిచారు. ఆయన జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు 2024 డిసెంబరులో తేల్చి, 30 లక్షలు కట్టమంది. అప్పటికి ఆయన ఎమ్మెల్యేగిరీ ముగిసి ఏడాది దాటింది. ఇలా చూస్తే చట్టం కాదన్నదాన్ని విచారణ వాయిదాలు దయచేశాయి. కనుక ప్రవాస సంఘాల వారు ఢిల్లీకి వినతిపత్రాలు మోయడం మానుకుని, మంచి లాయర్లను చూసుకోవాలని మనవి. ఫీజు డాలర్లలో ఇచ్చినా ఫర్వాలేదు.