చదువురాని వృద్ధుల జ్ఞాపకశక్తిని కొలిచేదెలా?

వృద్ధుల జ్ఞాపకశక్తిని పరీక్షించడానికి ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే ఎంఎంఎస్ఈ అనే 30 మార్కుల ప్రశ్నావళి 1975లో అమెరికాలో పుట్టింది. నూరులోంచి ఏడు చొప్పున తీసివేస్తూ పోవడం, కాగితంపై ఉన్న ఆదేశాన్ని చదివి పాటించడం, ఒక వాక్యం రాయడం అందులో భాగాలు. బడి ముఖం చూడని రైతుకూలీకి ఇందులో తక్కువ మార్కులు వస్తే, తగ్గింది జ్ఞాపకశక్తా, అసలు లేనిది చదువా అన్నది తేలదు. మరోవైపు విశ్రాంత ఉపాధ్యాయుడు, జబ్బు మొదలైనా, పాత అలవాటు బలంతో గట్టెక్కిపోవచ్చు. హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో నిరక్షరాస్యులకు తగినట్టు దీన్ని హిందీలో మలచవలసి వచ్చింది అందుకే.

చదువు లేకపోవడం డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించి రోజువారీ పనులు తడబడే జబ్బు) ముప్పును పెంచుతుందన్నది నిజమే. అయితే మెదడుకు పదును పెట్టేది బడి ఒక్కటే కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఒకే భాష తెలిసినవారికంటే రెండు అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. ఈ తేడా నిరక్షరాస్యుల్లోనూ కనిపించింది. ఆసుపత్రికి వచ్చినవారికే పరిమితమైన పరిశీలన కనుక దీన్ని రక్షణకవచమని చాటడం తొందరపాటే అవుతుంది గానీ, ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడుతూ బతికిన మనిషి మేధను అక్షరాలతో మాత్రమే తూచలేమని చెప్పడానికి అది చాలు.

దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని జాతీయ సర్వే ఆధారిత అంచనా. పురుషులకంటే స్త్రీలలో, పట్టణాలకంటే పల్లెల్లో ఇది ఎక్కువ. నిపుణులు తక్కువగా ఉన్న పల్లెల్లో తొలి పరిశీలన ఆశా కార్యకర్త నింపే ఫారంతోనే మొదలవుతుంది. అరవై దాటినవారిని అందులో అడిగే ప్రశ్న, అయినవారి పేర్లో సొంత ఇంటి చిరునామానో మరచిపోతున్నారా అని. ఆ స్థితి సాధారణంగా జబ్బు బాగా ముదిరాకే వస్తుంది. అంతకంటే ముందే కనిపించే మార్పులు ఇంట్లోవారికి తెలుస్తాయి: చిల్లర లెక్క తప్పడం, వేసుకున్న మాత్రనే మళ్లీ వేసుకోవడం, ఏళ్ల తరబడి వండిన కూరలోనే తడబడడం. "వయసు మీద పడింది, చాదస్తం" అని వాటిని కొట్టిపారేస్తాం.

ఈ తొందరపాటుకు మూల్యం ఉంది. మతిమరుపు వెనుక బి12 లోపమో, థైరాయిడ్ మందగించడమో, కుంగుబాటో ఉంటే చికిత్సతో మెరుగుపడే అవకాశముంది. వినికిడి లోపాన్ని సైతం డిమెన్షియాకు దారితీసే, నివారించదగిన ముప్పుల్లో ప్రధానమైనవాటిలో ఒకటిగా వైద్యపత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల కమిషన్ 2024లో పేర్కొంది. ఖరీదైన కొత్త మందుల గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా వినికిడి యంత్రాల గురించి జరగకపోవడం విచిత్రం. ఆశా ఫారంలో చిరునామా ప్రశ్నకు తోడుగా, గత ఏడాదితో పోలిస్తే డబ్బు లెక్కల్లో, మందుల్లో, వంటలో తేడా ఏమైనా వచ్చిందా అని కుటుంబసభ్యులను అడిగే రెండు మూడు ప్రశ్నలు చేర్చడానికి కొత్త ఆసుపత్రి కట్టనక్కర్లేదు.