ఆగి ఉన్న కారు, ఆగని మోత

విస్తృత ప్రజాప్రయోజనాల దృష్ట్యా ఇది రాయక తప్పడం లేదు. నా కారు ఆగి ఉన్నప్పుడు మోగుతోంది. నడిచేటప్పుడు కాదు, గమనించాలి. బెంజి సర్కిల్లో రెడ్ సిగ్నల్ పడి, న్యూట్రల్‌కి తెచ్చి కాలు తియ్యగానే, రేకు డబ్బాలో గుప్పెడు మేకులు పోసి ఎవరో ఆడించినట్టు కింద నుంచి గలగలగల. గ్రీన్ పడి యాక్సిలరేటర్ తొక్కితే గప్‌చుప్. పనిలో ఉన్నంతసేపూ నోరు మూసుకుని, ఖాళీ దొరకగానే గోల మొదలెట్టే లక్షణం మా ఆఫీసులో సగం మందికి ఉన్నదే కాబట్టి మొదట్లో నేను తప్పుపట్టలేదు. వట్టి గొడ్డుకు అరుపులెక్కువ అనుకుని ఊరుకున్నాను.

ఈ జబ్బుకు దేశమంతటా అమల్లో ఉన్న ప్రథమ చికిత్స పాటల వాల్యూమ్ పెంచడం. పైసా ఖర్చు లేదు, గుణం వెంటనే కనిపిస్తుంది. మూడు వారాలు అద్భుతంగా పనిచేసింది. నాలుగో వారం మా ఆవిడ పాట ఆపేసి, "ఏమండీ, పక్క స్కూటరాయన మన చక్రాల వంక చూస్తున్నాడు" అంది. అప్పటిదాకా రిపేరు, అక్కణ్ణుంచి పరువు. మనం డబ్బు తీసేది రెండోదానికే.

వెంటనే నిపుణులు దిగారు. హైదరాబాద్‌లో ఉన్న మా బామ్మర్ది వీడియో కాల్లో పది సెకన్లు విని, "ఇంజన్ ఫౌండేషన్లు పోయాయి బావా, డౌటే లేదు" అన్నాడు. ఇంజన్ కుదుపు బండికి తగలకుండా దాని కింద ఉండే రబ్బరు దిమ్మలన్నమాట. పోయినేడు వాడి కారుకి పోయినవి అవే. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన పై ఫ్లాట్ పెద్దాయన బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "చప్పుడొస్తుంటే బండి బాగున్నట్టే బాబూ, ఆగిపోతే దిగి చూడాలి" అని భరోసా ఇచ్చారు. నాకు ఆయన మాటే నచ్చింది, కానీ మా ఆవిడకు నచ్చలేదు.

సర్వీస్ సెంటర్ గేటు దాటగానే శబ్దం మాయం. డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయినట్టు. ఇందులో మంత్రమేమీ లేదు, ఇనుము వేడెక్కితే సాగుతుంది, అరగంట ప్రయాణం తర్వాత వదులైన రేకు ఒక్కోసారి కాసేపు బిగుసుకుంటుంది. అయితే ఆ కుర్రాడు నన్ను చూసిన చూపులో, ఈ సారు ఇంట్లో కూడా ఏవేవో వింటాడేమో అన్న జాలి ఉంది. జాబ్ కార్డులో "శబ్దం: కస్టమర్ చెప్పినది. పరిశీలనలో వినబడలేదు" అని రాశాడు. కింద, ఆ వినబడని శబ్దాన్ని ఆపడానికి ఫౌండేషన్లు, బెల్టు, టెన్షనర్ కలిపి పద్దెనిమిది వేల నాలుగు వందలకు ఎస్టిమేట్ వేశాడు. పేరులోనే టెన్షన్ ఉన్న పార్టును కూడా నాకే అంటగట్టడం మాత్రం బాధ కలిగించింది.

మర్నాడు పొద్దున్నే, బండి చల్లగా ఉండగానే, ఆటోనగర్ వెళ్లాను. మేస్త్రి గారు బానెట్ తియ్యలేదు. రెండే ప్రశ్నలు. "ఏసీ వేస్తే పెరుగుద్దా? కొంచెం రేజ్ ఇస్తే ఆగుద్దా?" రెండింటికీ అవునన్నాను. "స్టీరింగ్ వణకట్లేదుగా, ఫౌండేషన్లు కాదులే" అంటూ బండిని ర్యాంపు ఎక్కించి, సైలెన్సర్ పైపును రబ్బరు సుత్తితో అక్కడక్కడా తట్టారు. పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ దగ్గర చెవి పెట్టి ఇంకోసారి తట్టారు. దాని లోపల తేనెపట్టులా సన్నటి గదులున్న పింగాణీ దిమ్మ ఉంటుంది, అది పగిలినా ఇలాగే గలగలమంటుంది, అప్పుడు ఎస్టిమేట్ చూసి నిజంగానే ఏడవచ్చు. అది కాదట. ఇంజన్ స్టార్ట్ చెయ్యమని, ఒక కర్ర తీసుకుని పైపు మీదున్న రేకును నొక్కిపట్టారు. మోత ఆగింది. కర్ర తీశారు, గలగల. నొక్కారు, నిశ్శబ్దం. నెలన్నరగా నా పరువు తీస్తున్న శత్రువు అరచేతి వెడల్పు రేకు.

బోల్టు బోల్టులాగే ఉంది. దాని చుట్టూ రేకు తుప్పుపట్టి రాలిపోయి, రంధ్రం పెద్దదై, బోల్టు తల నుంచి జారి వేలాడుతోంది. నిమిషానికి 800 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో సెకనుకు 26, 27 సార్లు పెట్రోలు మండుతుంది. ఆ కుదుపు లయ ఈ రేకు ఊగే లయతో కలిసింది. ఏసీ వేస్తే ఇంజన్ మీద బరువు పెరిగి కుదుపూ పెరిగేది, రేజ్ ఇస్తే లయ తప్పి రేకు మూగపోయేది.

"పీకి పారేద్దామా?" అన్నాను, ఉత్సాహంగా. ఆయన పొయ్యి మీద గిన్నెను వట్టి చేత్తో పట్టుకోబోయిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. ఆ పైపు వందల డిగ్రీలు వేడెక్కుతుంది, కారు అడుగు భాగానికి ఆ సెగ తగలకుండా ఆపేది ఈ రేకే. ఎండుగడ్డి మీద పార్క్ చేసేవాళ్లకు ఇంకా ముఖ్యం. కాబట్టి పీకలేదు. రెండు పెద్ద స్టీలు హోస్ క్లిప్పులు రేకునూ పైపునూ కలిపి చుట్టి, స్క్రూ డ్రైవరుతో బిగించారు. క్లిప్పులకు నూట నలభై, మజూరీ రెండు వందలు. టీ ఆయనే తెప్పించారు.

(డ్యాష్‌బోర్డులో ఆయిల్ డబ్బా గుర్తు ఎర్రగా వెలుగుతూ, బానెట్ కింద టకటకమంటుంటే మాత్రం ఈ వ్యాసం చదువుతూ కూర్చోకండి, ముందు ఇంజన్ ఆపండి.)

సాయంత్రం బామ్మర్ది ఫోన్ చేసి, శబ్దం పోయిందని విని, "చెప్పానా, ఫౌండేషన్లే" అన్నాడు. కాదనలేదు, ముందు ముందు పెళ్లిళ్లలో కలవాల్సినవాళ్లం. ఆ తర్వాత సర్వీస్ సెంటర్ నుంచి ఓ అమ్మాయి ఫోన్. "సార్, మా సర్వీసుకు పదికి ఎంత ఇస్తారు? తొమ్మిది ఇచ్చినా మాకు ఫెయిల్ కిందే లెక్క సార్" అంది.

పది ఇచ్చాను.