పై కాలనీ, కింది చెరువు

చెరువు నిండితే ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు పారాలో చూసేవాడు నీరటి. తూము ఎత్తేదీ దించేదీ అతనే, వానరాత్రి కట్టకు బుంగ పడిందేమోనని తిరిగేదీ అతనే. కూలి ఆయకట్టు రైతులు పంట మీద కొలిచిచ్చే గింజలు. పనిలో తేడా వస్తే కల్లంలోనే నిలదీసేవారు. చెరువులు ఇన్ని వందల ఏళ్లు నిలిచింది ప్రకృతి మీద ప్రేమతో అనుకోను. ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే. అదేమీ స్వర్ణయుగం కాదు. చాలాచోట్ల ఆ చాకిరీ దళిత కుటుంబాలకే రాసిపెట్టి ఉండేది.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటి వినియోగదారుల సంఘాలకు చట్టం తెచ్చింది. ఎన్నికలైతే జరిగాయి గానీ, చాలా సంఘాలు పనుల బిల్లుల దగ్గరే ఆగిపోయాయి. 2003 నుంచి అనంతపురం, నల్గొండ వంటి ఏడు కరవు జిల్లాల్లో నడిచిన భూగర్భజల ప్రాజెక్టు దారి వేరు. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, వాన లెక్క రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వరి వేస్తే పట్టేదెంత అని లెక్కకట్టారు. వరి వద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క ఊరందరికీ తెలిశాక ఎవరి పంట వాళ్లే ఆలోచించుకున్నారు. 2015లో తెలంగాణలో చెరువుల బాగుకు మొదలైన మిషన్ కాకతీయలోనూ పూడిక తీయించింది ప్రభుత్వమైతే, ఆ మట్టిని సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నది రైతులు.

మరి హైదరాబాద్‌లో? ఆయకట్టు ప్లాట్లయింది, చెరువును అడిగే రైతు లేడు. కాలనీ సంఘాలు లేవని కాదు, గట్టిగానే ఉన్నాయి. గేటు, సీసీ కెమెరాలు, వినాయక మండపం, వాకింగ్ ట్రాక్ అన్నీ సాధించుకుంటాయి. తమ మురుగు గేటు దాటి ఎటు పోతోందన్నది మాత్రం ఎజెండాలోకి రాదు. మనవి గొలుసుకట్టు చెరువులు: పై చెరువు అలుగు దూకితే కింది చెరువుకే. 2020 అక్టోబరు వానలకు కట్టలు తెగినప్పుడు మునిగింది దిగువ బస్తీలు. లోపల ఐకమత్యం ఎంత గట్టిదైతే, కాలువకు అవతలివాళ్లు అంత పరాయివాళ్లవుతున్నారు.

అందుకే చెరువుకో కమిటీ వేస్తే చాలదు, గొలుసుకో కమిటీ కావాలి. ఎగువ అపార్ట్‌మెంట్లు, దిగువ బస్తీ, చేపలు పట్టే ముదిరాజ్ సొసైటీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఎగువన ఏ మురుగుశుద్ధి ప్లాంటు నడుస్తోందో, ఏది ఆపేశారో నెలనెలా దిగువ చెరువు గట్టు మీద బోర్డు రాసి పెట్టాలి, అపార్ట్‌మెంట్ పేరుతో సహా.