ఇంటూ పన్నెండు

మా బాబాయ్ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బు ఏం చెయ్యాలో చెప్పడానికి చుట్టాలంతా సిద్ధంగా ఉన్నా, ఆయన ఎవర్నీ అడగలేదు. పంచాంగం వెనక అట్ట మీద ఒక లెక్క రాశాడు. ఒంగోలు మంగమూరు డొంకలో ఇల్లు, 48 లక్షలు. అద్దె 12,000 ఇంటూ 12, ఏడాదికి 1,44,000. సరిగ్గా మూడు శాతం.

"బ్యాంకులో ఏడు దాకా వస్తుంది కదా బాబాయ్" అన్నాను.

"బ్యాంకులో స్థలం రేటు పెరుగుద్దా?" అన్నాడు.

మన వైపు ఇల్లు కొనేవాళ్లందరూ స్థలం రేటు చూసే కొంటారు. అద్దె కొసరు. ఆ కొసరుని దశాంశాలతో లెక్కేసినవాడు మాత్రం మా బాబాయ్ ఒక్కడే.

రిజిస్ట్రేషన్ నాడు డాక్యుమెంట్ రైటరు "ఎంతకి రాయమంటారు సార్?" అని మర్యాదగా అడిగాడు. "ఎంతకి కొంటే అంతకి" అన్నాడు బాబాయ్. రైటరు కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ చూశాడు. పక్కన ఇల్లు అమ్మేవాయన ముఖం వాడిపోయింది. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, 3,60,000. ఇది లెక్కలో లేదేంటని అడిగితే, అట్ట మీద చోటు చాల్లేదన్నాడు.

టు లెట్ బోర్డు కట్టిన మర్నాడే ఆషాఢం వచ్చింది. ఒక్కరూ గేటు తియ్యలేదు. "ఇప్పుడెవరొస్తారు సార్, శ్రావణం రానీండి" అని పాలాయన ఓదార్చాడు. బాబాయ్ అప్పుడు పంచాంగం లోపలి పేజీలు తిప్పాడు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం. జనం ఇల్లు మారని నెలలు మూడు, అన్నీ ఆయన పన్నెండులోవే.

శ్రావణంలో వచ్చినవాళ్లలో ఒకాయన ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని వంటింట్లో గుండ్రంగా తిరిగి, ఆగ్నేయం కాస్త జరిగిందని చెప్పి వెళ్లిపోయాడు. ఇంకొకావిడ బోరు నీళ్లు పుక్కిట పట్టి, ఉమ్మేసి, ఏమీ అనకుండా ఆటో ఎక్కింది. చివరికి ఒక బ్రోకరు మనిషిని తెచ్చాడు, దానికి నెల అద్దె కమీషన్. అగ్రిమెంటులో పదకొండు నెలలని ఉంది. "పన్నెండు రాయవయ్యా" అని బాబాయ్ పట్టుబట్టాడు. "అందరూ పదకొండే రాస్తారు సార్, ఇప్పుడు మార్చడం ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు బ్రోకరు.

అంతలో అద్దెకొచ్చినతను వంగి కాళ్లకి దండం పెట్టాడు. "గుర్తుపట్టలేదా సార్? టెన్త్ ఏ సెక్షన్. మీరు రోజూ బెంచీ ఎక్కించేవారు." ఇప్పుడు చీమకుర్తి గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరట. ఆ దండంతో మూడు నెలల అడ్వాన్సు ఒక నెలకి దిగింది.

శిష్యుడు మంచివాడే, అద్దె టైముకి వేస్తాడు. కాకపోతే గురువుగారి మీద అపారమైన నమ్మకం. బల్బు పోయినా, బల్లి పడినా ఫోన్ ఆయనకే. కార్తీక సోమవారం తెల్లవారకముందే మోగింది. "సార్, మోటరు గుయ్యిమంటోంది గానీ నీళ్లెక్కడం లేదు. మా ఆవిడ తలకి కుంకుడురసం పెట్టుకుని కూర్చుంది సార్." బాబాయ్ స్కూటర్ మీద రెండు బిందెల నీళ్లతో బయల్దేరాడు. దారిలో ఒలికింది పోగా ఒక బిందె చేరింది.

పొద్దెక్కాక మోటరు లాగే మనుషులొచ్చారు. ఇనప ముక్కాలి నిలబెట్టి, గొలుసేసి లాగుతుంటే పైపులు ఒకటొకటే బయటికొచ్చి వీధి పొడుగునా పరుచుకున్నాయి. ఎదురింటాయన కారు బయటికి రాలేక హారన్ కొడుతూనే ఉన్నాడు. వైండింగ్ కాలిపోయిందన్నారు. బిల్లు 14,000.

"ఇంక ఎన్నాళ్లొస్తది?" అన్నాడు బాబాయ్.

"నీళ్లని బట్టి సార్."

"ఈ నీళ్లకి?"

మెకానిక్ ఆ ప్రశ్న విననట్టు గొలుసు చుట్టుకున్నాడు.

ఆడిటర్ దగ్గర మాత్రం కొంచెం ఊరట దొరికింది. ఇంటి పన్ను తీసేశాక మిగిలిన అద్దెలో 30 శాతం రసీదు అడక్కుండా వదిలేస్తారట. "అడక్కుండా వదిలేస్తున్నారంటే, ఆ చట్టం రాసినాయనకీ ఒక అద్దిల్లు ఉండుంటది" అన్నాడు బాబాయ్.

శిష్యుడి కొడుకు ఎనిమిదో తరగతి. "సార్, వాడికి కాస్త లెక్కలు..." అని అడిగితే కాదంటాడా? సాయంత్రాలు ఆ ఇంటి వరండాలోనే ట్యూషన్, ఫీజు లేదు. మొన్న నేను వెళ్లేసరికి శాతాలు చెబుతున్నాడు.

"రాసుకో. ఒకాయన 51,60,000 పెట్టి ఇల్లు కొన్నాడు. మొదటి ఏడాది పది నెలల అద్దె, 1,20,000 వచ్చింది. కమీషన్ 12,000, మోటరు 14,000, ఇంటి పన్ను, గేటు వెల్డింగు, ట్యాంకు మూత కలిపి 16,600 పోయాయి. మిగిలింది ఎంత శాతం?"

పిల్లాడు పెన్సిల్ కొరుకుతూ చేశాడు, కొట్టేశాడు, మళ్లీ చేశాడు.

"ఒకటిన్నరే వస్తోంది తాతయ్యా. తప్పా?"

"కరెక్టే."

"మరి ఆయన బ్యాంకులో వేసుకోవచ్చుగా?"

లోపల్నించి శిష్యుడు నవ్వాపుకుంటున్న చప్పుడు వినబడింది.

"అడిగింది శాతం. సలహా కాదు" అన్నాడు బాబాయ్. "తర్వాతి లెక్క రాసుకో."